నూగు రాలిన రోజు

పోయిన వారం పెద్దాయన్ని గుర్రాల సాల గుమ్మంలో, చేతిలో రబ్బరు దువ్వెనతో వదిలిపెట్టాం. లోపల వెండి అనే తెల్ల గుర్రం, పక్కనే దాని పిల్ల. పిల్ల పుట్టినప్పుడే వెన్ను మీద నల్లటి గీత కనబడింది. కూతురు పిచ్చుక దాన్ని చూసి నోరు తెరవబోతే, "పుట్టు నూగు మీద ఏ గీతైనా ఉంటుంది. అది రాలనీ, అప్పుడు మాట్లాడదాం" అని పెద్దాయన అక్కడికక్కడే ఆపేశాడు. వేసవి గడిచింది. ఇప్పుడు నూగు రాలుతోంది.

ఆ గీత అంటే ఆ ఇంట్లో ఎందుకంత భయమో కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాలి.

పిచ్చుక బడికి వెళ్ళే వయసులో ఇదే వెండి మొదటిసారి ఈనింది. పిల్ల తండ్రి దొరబాబు అనే మగగుర్రం. ముదురు గోధుమ ఒళ్ళు, నల్ల జూలు, నల్ల కాళ్ళు. దొరబాబు పిల్ల అంటే కొనేవాళ్ళు అది పుట్టకముందే మాట తీసేసుకునే రోజులవి. తీరా పుట్టిన పిల్ల ఎండిన మట్టి రంగులో ఉంది. వెన్ను మీద నల్ల గీత, కాళ్ళ మీద సన్నటి చారలు. గుర్రాలవాళ్ళు ఆ రంగుని డన్ అంటారు. డన్ పిల్ల పుట్టాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా డన్ అయి ఉండాలి. తరం దాటి దూకే రంగు కాదది. దొరబాబు డన్ కాదు. వెండి చూడబోతే పాలలా తెలుపు. పొరుగు ఫారంలో మాత్రం ఒక డన్ మగగుర్రం ఉండేది. వెండిని దొరబాబుకి కట్టించిన రోజుల్లోనే ఒక రాత్రి సరిహద్దు గేటు తెరిచి ఉండడం పెద్దాయన కళ్ళారా చూశాడు. ఆ గేటు బాధ్యత తమ్ముడిది.

నలుగురిలో తమ్ముణ్ణి నిలదీశాడు. నోటికొచ్చినట్టు అన్నాడు. గేటు తీసి ఉందని ఒప్పుకుని, తమ్ముడు ఇంకో మాట లేకుండా రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆ ఇంట్లో అతని పేరెత్తినవాళ్ళు లేరు. వెండిని మళ్ళీ కట్టించనూ లేదు. పిచ్చుక పెద్దదై, ఫారం పనులన్నీ నెత్తిన వేసుకున్నాక, "అంత మంచి గుర్రాన్ని ఊరికే ఉంచేస్తామా నాన్నా" అని పోరు పెడితే నిరుడు ఒప్పుకున్నాడు. ఈసారి తాడు తనే పట్టుకున్నాడు. గేటుకి తాళం తనే వేశాడు. అయినా పొరుగు ఫారం మూతపడి అక్కడ టైల్స్ గోడౌను లేచి చాలా కాలమైంది. గుర్రమన్నదే లేదక్కడ.

అందుకే ఆ గీత రాలిపోవాలి. రాలకపోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

*

"నాన్నా, లోపలికి రా. డాక్టరమ్మ వచ్చి ఎంతసేపైంది?" పిచ్చుక కేక వేసింది.

డాక్టరమ్మని పనివాళ్ళు చాటున సూదమ్మ అంటారు. ఆమె స్కూటర్ చప్పుడు వినగానే గుర్రాలన్నీ గోడకి నక్కుతాయి. ఆ రోజు పిల్లకి టీకా వెయ్యడానికి వచ్చింది. వేసేసింది కూడా. పిల్ల తల్లి పొట్ట కింద దూరి, ఎవరో ద్రోహం చేసినట్టు చూస్తోంది.

పెద్దాయన లోపలికి వచ్చాడు. నేలంతా పరిచిన రబ్బరు చాపల మీద చెప్పుల చప్పుడు వినబడలేదు. పిల్ల పక్కన మోకాలి మీద కూచుని, మెడ దగ్గర దువ్వడం మొదలుపెట్టాడు. దువ్వెన తిప్పినప్పుడల్లా నూగు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఊడొస్తోంది. కిటికీలోంచి పడే ఎండలో అది దూదిలా తేలుతోంది. పిల్లకి హాయిగా ఉన్నట్టుంది. కింది పెదవి వేలాడేసి కళ్ళు మూసుకుంది.

"కావాలంటే తోక వెంట్రుకలు నాలుగు పీకి ల్యాబ్‌కి పంపిస్తాను సార్," అంది డాక్టరమ్మ. "పుట్టినప్పుడే చెప్పాను."

"నా కళ్ళు బాగానే ఉన్నాయి డాక్టరమ్మా."

"అదీ అప్పుడే అన్నారు."

పిచ్చుక నవ్వు ఆపుకుంది. పెద్దాయన నవ్వలేదు. చేతి కింద కొత్త వెంట్రుక పొట్టిగా, నున్నగా బయటపడుతోంది. భుజం మీద అది తడి ఇసుక ఆరినప్పటి రంగు. ఆయన దువ్వెన ఆపి ఆ రంగు మీద బొటనవేలు రాశాడు.

"పిచ్చుకా."

"ఊఁ."

"చిన్నప్పుడు నీకు రంగులు చదవడం ఎవరు నేర్పారే?"

పిచ్చుక ఒక్క క్షణం తటపటాయించింది. నిజమైన జవాబు బాబాయి. ఆ పిచ్చుక అన్న పేరు పెట్టిందీ ఆయనే. "నువ్వూ నేర్పావు," అంది.

ఆ 'నువ్వూ' దగ్గర పెద్దాయన చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"అయితే చదువు. నేను దువ్వుతూ ఉంటాను. నువ్వు చదువు."

అది ఆయన తప్పించుకునే ఎత్తు కాదని పిచ్చుకకి అర్థమైంది. తన నోటితో తను అనలేని మాట వేరే నోటి నుంచి వినాలనుకుంటున్నాడు. ఆమె వచ్చి పిల్లకి ఇవతలి పక్క కూచుంది.

"గీత మెడ మీద జూలు మొదట్లోనే ఉంది. అక్కణ్ణుంచి వెన్నంతా ఉంది."

"ఎక్కడ ఆగింది?"

"ఆగలేదు. తోకలోకి వెళ్ళిపోయింది."

"అంచులు ఎలా ఉన్నాయి? మామూలు గోధుమరంగు పిల్లలకి కూడా పుట్టినప్పుడు వెన్ను ముదురుగా ఉంటుంది. అది మసిగుడ్డతో తుడిచినట్టు చెదిరిపోయి ఉంటుంది. ఇదీ అలాంటిదేనేమో చూడు. తొందరపడకు."

పిచ్చుక నిజంగానే తొందరపడలేదు. వంగి, ఊడిన నూగుని నోటితో ఊది, చూసింది. గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇటు మట్టి రంగు, అటు మట్టి రంగు, మధ్యలో వేలెడు నలుపు.

"చెదరలేదు నాన్నా."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బక్‌స్కిన్ రంగు అయి ఉండొచ్చు. దానికీ ఒళ్ళు పసుపుగా, జూలూ కాళ్ళూ నల్లగా ఉంటాయి. చూడగానే డన్ అనుకుని మోసపోయినవాళ్ళు ఎంతమంది లేరు? నేను కూడా కుర్రతనంలో ఒకసారి పప్పులో కాలేశాను."

"బక్‌స్కిన్ ఒళ్ళు మెరుస్తుంది, బంగారం నీళ్ళు పోసినట్టు. ఇది మెరుపు లేని రంగు. పైగా..." పిచ్చుక పిల్ల ముందరి కాలు పట్టుకుని మెల్లిగా ఎండలోకి తిప్పింది. మోకాలి వెనక నాలుగైదు సన్నటి చారలు, ఎవరో బొగ్గుముక్కతో అడ్డంగా గీసినట్టు. "బక్‌స్కిన్‌కి కాళ్ళ మీద చారలు ఎక్కడివి?"

పెద్దాయన చారల్ని చూశాడు. పిల్ల ముఖం తన వైపు తిప్పుకున్నాడు. ఒంటికన్నా ముఖం ముదురుగా ఉంది. చెవుల కొసలు సిరాలో ముంచి తీసినట్టున్నాయి. జూలు విడదీసి చూశాడు. మధ్యలో నలుపు, రెండు పక్కలా లేత వెంట్రుకల అంచు. వెనక్కి జరిగి కూచుని మొత్తం పిల్లని ఒకసారి చూశాడు. ఎన్నో ఏళ్ళు ఎందరికో గుర్రాల రంగులు తేల్చి చెప్పిన మనిషి ఆయన. దూరపు ఊళ్ళవాళ్ళు కూడా గుర్రాన్ని వాకిట్లో నిలబెట్టి, "మీరొక్క మాట అంటే చాలు" అని చేతులు కట్టుకునేవాళ్ళు.

"డన్," అన్నాడు.

 గోడ ఫ్యాను తిరుగుతోంది. వెండి గడ్డి నముల్తోంది.

"ఈసారి గేటు నేనే వేశాను," అన్నాడు పెద్దాయన చివరికి. ఎవరితోనో వాదిస్తున్నట్టు కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "తాడు నేనే పట్టుకున్నాను. దొరబాబు తప్ప ఇంకో మగగుర్రం ఈ చుట్టుపక్కల లేదు. దొరబాబు డన్ కాదు. డన్ గాల్లోంచి ఊడిపడదు."

"పడదు," అంది డాక్టరమ్మ.

"అయితే ఇక మిగిలింది..."

ముగ్గురూ వెండి వైపు చూశారు. వెండి మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా గడ్డిలో మంచి పోచల్ని ఏరుకుంటోంది. చెవి నుంచి తోక దాకా తెలుపే. ఎక్కడా గీత లేదు, చార లేదు.

"ఇది నల్లగా పుట్టిందన్నాడు అమ్మినవాడు," అన్నాడు పెద్దాయన. "మా ఇంటికి వచ్చేనాటికే తెల్లబడిపోయింది."

"అమ్మినవాడు వంద చెప్తాడు సార్. తెల్ల గుర్రం అంటే ఏమిటి? ఏదో ఒక రంగుతో పుట్టి, మనకి తల నెరిసినట్టు నెరిసిపోయిన గుర్రం. మా మామగారి తల ఇప్పుడు ముగ్గుబుట్ట. పెళ్ళిచూపుల్లో ఏ రంగులో ఉండేదో మా అత్తగారికి తప్ప ఎవరికి తెలుసు?" డాక్టరమ్మ పిల్ల కళ్ళ చుట్టూ వేలితో వెతికింది. "దీనికి కంటి చుట్టూ తెల్ల వెంట్రుకలు రాలేదు. ఇది నెరవదు. తల్లి నెరుపు దీనికి రాలేదు, తల్లి డన్ మాత్రం వచ్చింది. అందుకే మనకి కనబడుతోంది. నెరుపు కింద డన్ ఉందో, నలుపుందో, ఏదుందో ఎంత పెద్ద కళ్ళున్నా కనబడదు. పిల్లలు పుడితేనే బయటపడుతుంది. మొదటి పిల్ల అప్పుడే చెప్పింది. మనకి వినబడలేదు."

'మీకు' అనకుండా 'మనకి' అన్నందుకు పిచ్చుక ఆమె వైపు కృతజ్ఞతగా చూసింది.

పెద్దాయన లేచాడు. లేచినవాడు ఎటు వెళ్ళాలో తెలియనట్టు రెండడుగులు వేసి, బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా పిల్ల నూగు. మీసం మీద కూడా. దులుపుకోలేదు.

"అయితే వాడు..." అన్నాడు. వాక్యం పూర్తి కాలేదు.

అప్పుడే ఆయన భార్య టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. గుమ్మంలో నిలబడి మొగుడి ముఖం చూసింది. కూతురి ముఖం చూసింది. ఏం జరిగిందని అడగలేదు. డాక్టరమ్మకి ఒక గ్లాసు, పిచ్చుకకి ఒకటి ఇచ్చి, మూడోది ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూసింది, పారేసుకుంటాడేమోనన్నట్టు.

"తెలిసిపోయిందే," అన్నాడాయన. "డన్ వెండిదే. పొరుగు గుర్రం రానే లేదు."

"రాలేదనే కదా మీ తమ్ముడన్నాడు."

"ఎప్పుడన్నాడు? వాడు నోరు విప్పితేగా? వెండి పుట్టుక సంగతి వాడికి తెలుసేమో! సంతకి వెళ్ళి దాన్ని బేరం చేసి తెచ్చింది వాడేగా. ఒక్క మాట చెప్పి ఉంటే..."

ఆవిడ కోపంగా లేదు. గ్లాసు మీద మూగిన ఈగని తోలుతూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా అంది. "మీరు గేటు సంగతే అడిగారండీ. గేటు తీసుందా లేదా, తీసుందా లేదా అని అదే పట్టుకున్నారు. తీసుందని ఒప్పుకున్నాడు. గుర్రం సంగతి మీరు అడగనే లేదు."

 డాక్టరమ్మ టీ సగంలోనే గ్లాసు కింద పెట్టి, "నేను ఇంకో చోటికి వెళ్ళాలి" అంటూ సంచి సర్దుకుంది. వెళ్తూ పిల్ల నుదురు నిమిరింది. పిల్ల ఒక్కసారిగా గోడకి నక్కింది. కొంచెం సేపటికి స్కూటర్ చప్పుడు దూరమైంది.

"నువ్వు వాడితో మాట్లాడుతున్నావు," అన్నాడు పెద్దాయన.

"ఆ."

"ఎప్పటినుంచీ?"

"మొదటినుంచీ. మరిదితో మాట్లాడ్డానికి నాకు గేటు అడ్డం లేదు కదా."

 ఈ మాట ఇంకో రోజున అయితే ఇల్లు ఎగిరిపోయేది. పెద్దాయన తల వంచుకుని గ్లాసులోకి చూశాడు.

"ఎలా ఉన్నాడు?"

"తోలు పని చేస్తున్నాడు. జీన్లకి పట్టీలు కుడతాడు. మంచి పేరే ఉందట."

"తోలు పనా? గుర్రాలు మానేశాడా? వాడు?" పెద్దాయనకి అది అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలా తగిలినట్టుంది. "గుర్రం కనబడకపోతే అన్నం దిగదు కదే వాడికి!"

ఆవిడ ఖాళీ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకోవడంలో పడింది.

"నంబరు ఇవ్వు," అన్నాడు.

*

దాణా గది గోడకి ఎదురుగా నిలబడి మాట్లాడాడు. ఫోను ఆవిడదే. చేతులకి నూగంటుకుని తెర పనిచెయ్యకపోతే పిచ్చుక నొక్కి, స్పీకర్ పెట్టి, మూటల మీద పెట్టింది. అవతల మోగుతున్నంతసేపూ పెద్దాయన ప్యాంటుకి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"వదినా, మొన్ననేగా మాట్లాడాం? అంతా బాగేనా?"

గొంతు మారలేదు. కొంచెం బరువెక్కిందంతే. పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వదిన కాదురా. నేను."

అవతల సుత్తి చప్పుడు ఏదో వినబడుతూ ఉండింది. అది ఆగింది.

"అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

పెద్దాయన సాలలో కూచున్నప్పటినుంచీ ఏవేవో మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ రాలేదు. చివరికి తెలిసిన భాషలోనే చెప్పాడు.

"వెండి మళ్ళీ ఈనిందిరా. దొరబాబు పిల్లే. నేనే తాడు పట్టుకున్నాను. పిల్ల డన్."

పెద్దాయన ఫోను మీదికి వంగాడు.

"వింటున్నావా?"

"వింటున్నాను."

"తప్పు నాది. నలుగురిలో నిన్ను అన్నాను కాబట్టి, ఆ నలుగురినీ పిలిచి వాళ్ళ ముందే చెప్తాను. నువ్వు రా. రాకపోతే నేనే వచ్చి మీ వీధిలో నిలబడి చెప్తాను. అంతే."

"ఎందుకన్నయ్యా అంత," అన్నాడు తమ్ముడు. నవ్వుతున్నాడో ఇంకేమిటో పిచ్చుకకి తెలియలేదు. "వెండి డన్ అని నాకూ తెలియదు. పొరుగు గుర్రం రాలేదని మాత్రం తెలుసు. ఆ రాత్రంతా వెండి దగ్గరే పడుకున్నాను కదా, అది దగ్గుతోందని. అది చెప్పేలోపే నువ్వు... సరే, పోనీ. ముందు పిల్ల ఎలా ఉందో చెప్పు."

"చెప్పాగా, డన్ అని."

"అలా కాదు. నెమ్మదిగా చెప్పు. మనం చిన్నప్పుడు చెప్పుకునేవాళ్ళం చూడు, అలా."

పెద్దాయన ఒకసారి సాల వైపు తిరిగాడు. తలుపులోంచి పిల్ల సగం కనబడుతోంది. తమ్ముడు తనని పరీక్షిస్తున్నాడనుకున్నాడు. పరీక్షకి నిలబడవలసిన వాణ్ణేగా అనుకుని మొదలుపెట్టాడు. గీత జూలు మొదట్లో ఎక్కడ పుట్టిందో చెప్పాడు. భుజాల దగ్గర కొంచెం వెడల్పై, నడుము దగ్గర సన్నబడి, తోకలో ఎలా కలిసిందో చెప్పాడు. మోకాలి వెనక చారల గురించి, చెవుల కొసల గురించి, జూలు పక్కన లేత అంచు గురించి చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు తేలికపడింది. అవతల తమ్ముడు "ఊఁ", "ఊఁ" అంటున్నాడు, కథ వినే పిల్లాడిలా. భుజం మీద అడ్డంగా ఇంకో మసక చార ఉందని చెప్పినప్పుడు, "ఉందా! భుజం మీద కూడా ఉందా!" అని గట్టిగా అరిచాడు. పెద్దాయన ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"ఒంటి రంగు?" అన్నాడు తమ్ముడు.

"తడి ఇసుక ఆరుతున్నప్పుడు ఎలా ఉంటుంది? అదీ. ఇంతకన్నా చెప్పలేనురా. రేపే బయల్దేరి రా. నీ కళ్ళతో నువ్వే చూసుకో."

"వస్తానన్నయ్యా. పిల్లని తాకాలనుంది." తమ్ముడి గొంతులో తొట్రుపాటు లేదు, తొందరా లేదు. "చూడ్డం మాత్రం ఇక నావల్ల కాదు. ఇప్పుడు నాకు వెలుగూ చీకటీ తేడా ఒక్కటే తెలుస్తుంది. అందుకే కదా నీ నోట అంతా చెప్పించుకున్నాను. అదేమిటి, వదిన నీకు చెప్పలేదా?"

పెద్దాయన భార్య వైపు తిరిగాడు. ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. ఫోను చేతిలోకి తీసుకుని, "నేను మళ్ళీ చేస్తాను మరిదీ" అని మెల్లిగా చెప్పి కట్ చేసింది.

"ఆ కుర్చీ ఇటు తీసుకురా పిచ్చుకా," అంది. "ఈ సంగతి మీ నాన్న నిలబడి వినలేడు."